చేనుకీ చెరువుకీ ఒకే లెక్కా?

ఉండి నుంచి ఆకివీడు మీదుగా కైకలూరు వైపు వెళ్లే కొద్దీ వరిచేలు పలచబడి చేపలచెరువులు ఎక్కువవుతాయి. చాలాచోట్ల చేనుకీ చెరువుకీ మధ్య ఉండేది ఒక్క గట్టే. ఈ రెండిటి వివరాలూ దాచి, లెక్కలు కట్టి చూపే ప్రోగ్రాము ఒకటి రాయాలనుకుందాం. ఇలాంటి పనికి ప్రోగ్రామర్లు ముందుగా టైపులు నిర్వచిస్తారు. టైపు అంటే ఒక రకం వస్తువు గురించి ఏయే వివరాలు ఉంచాలో, దానితో ఏయే పనులు చేయించుకోవచ్చో చెప్పే నమూనా. వరిచేను అనే టైపుకి ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు, కౌలు, నీటి లోతు, విత్తనం, దిగుబడి అని ఎనిమిది గడులు పెట్టామనుకోండి. చేపలచెరువు టైపు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అవే ఎనిమిది పేర్లు అవసరమవుతాయి. ఊరివారీగా విస్తీర్ణం కూడటం, కౌలు లెక్కకట్టడం, నీరు తగ్గితే హెచ్చరించడం, ఎకరా దిగుబడి చెప్పడం వంటి పనులు చేనుకి ఎంత అవసరమో చెరువుకీ అంతే అవసరం. కంప్యూటర్ దృష్టిలో మాత్రం ఈ రెండు టైపులకీ ఏ చుట్టరికమూ లేదు. చేను ఇమ్మన్నచోట చెరువుని ఇస్తే చాలా భాషల్లో కంపైలర్, అంటే కోడ్‌ని సరిచూసి యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము, ఒప్పుకోదు. అప్పుడు సులువుగా తోచే దారి ఒకటే: చేను కోడ్‌ని కాపీ చేసి, పేర్లు మార్చి, చెరువు కింద అతికించడం. మొదటిరోజు అది చక్కగా పనిచేస్తుంది కూడా. ఇలా సంబంధం లేని టైపుల్లో ఒకే రకం గడులు కనిపించినప్పుడు కోడ్‌ని రెండుసార్లు రాయకుండా ఎలా తప్పించుకోవాలన్నది ప్రోగ్రామింగ్ భాషలు పుట్టించినవాళ్లందరినీ వేధించిన ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి డెల్టా నేల పాఠ్యపుస్తకాల కన్నా మంచి ఉదాహరణలు ఇస్తుంది.

కాపీ వల్ల నష్టం రాసేటప్పుడు కనిపించదు, మార్చేటప్పుడు కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత పశ్చిమ గోదావరిలోని ఉండి, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రమైన కొత్త పశ్చిమ గోదావరిలో మిగిలాయి. ఏలూరు, ఉంగుటూరు ఏలూరు జిల్లాకి వెళ్లాయి. కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో కలిశాయి. అంతవరకూ కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాకి వచ్చింది. ఏ మండలం ఏ జిల్లాదో తెలిసి ఉండాల్సిన ప్రతి ప్రోగ్రాముకీ ఆ రోజుతో దిద్దుబాటు పని పడింది. ఆ సమాచారం ఒక్కచోట ఉంటే ఒక పట్టిక మార్చి ఊపిరి పీల్చుకోవచ్చు. చేను కోడ్‌లో ఒకసారి, చెరువు కోడ్‌లో ఒకసారి, ముద్రణ కోడ్‌లో ఇంకోసారి రాసి ఉంటే వాటిలో ఏదో ఒకటి మరుగున పడిపోతుంది. అప్పుడు కైకలూరు చేను ఏలూరు జిల్లాలోనూ, దాని గట్టు పంచుకున్న చెరువు కృష్ణా జిల్లాలోనూ కనిపిస్తాయి. ప్రోగ్రాము ఆగిపోయినా బాగుండును. అది ఆగదు, తప్పు లెక్కని ధీమాగా చూపిస్తుంది. జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎల్మార్ యూర్గెన్స్ బృందం పెద్ద ప్రోగ్రాముల్లోని కాపీల్ని పరిశీలించి 2009లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. ఒక కాపీని మార్చి రెండోదాన్ని తెలియక వదిలేసిన సందర్భాల్లో దాదాపు రెండింట ఒకటి అసలు లోపానికే దారితీసిందని వారు తేల్చారు.

ఇలాంటి నష్టాన్ని చూసే, అంతకు పదేళ్ల ముందు 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంలో ఒక సూత్రం చెప్పారు. ఒక వ్యవస్థలో ప్రతి విషయానికీ అధికారికమైన చోటు ఒక్కటే ఉండాలని దాని సారం. ఆ సూత్రం ఎంత పేరు పొందిందో అంత అపార్థానికీ గురైంది. వారు మాట్లాడింది విషయం గురించి, అంటే ప్రోగ్రాముకి తెలిసి ఉండాల్సిన వాస్తవం గురించి. చాలామంది దాన్ని పంక్తుల గురించిన నియమంగా తీసుకున్నారు. రెండుచోట్ల ఒకేలాంటి పంక్తులు కనిపిస్తే చాలు, వాటిని కలిపేయాలని తొందరపడతారు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. రెండు గడులు ఒకేలా కనిపించడం వాటిని కలపడానికి కారణం కాదు. ఒకటి మారితే రెండోది కూడా అదే కారణం వల్ల మారి తీరాలా అన్నది అడగవలసిన ప్రశ్న. మారి తీరాలంటే అక్కడ ఉన్నది ఒకే వాస్తవం, దాన్ని రెండుచోట్ల రాయడం తప్పు. మారనక్కర లేదంటే అవి రెండు వాస్తవాలు, రూపం మాత్రం ఒకటి. వాటిని కలపడమే అప్పుడు తప్పు.

విస్తీర్ణాన్ని ఈ ప్రశ్నతో పరీక్షిద్దాం. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు. అందుకని రెండెకరాల యాభై సెంట్లని 2.50 అని దశాంశంగా రాసి కూడినా లెక్క తప్పదు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడి లెక్కలో 1.30 అంటే ఎకరం ముప్ఫై గుంటలు. 1.30నీ 1.20నీ దశాంశాలనుకుని కూడితే 2.50 వస్తుంది, అసలు జవాబు మూడెకరాల పది గుంటలు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి కుకునూరు, వేలేరుపాడు మండలాలు పశ్చిమ గోదావరిలో కలిశాయి, ఇప్పుడవి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. కాబట్టి ఈ జిల్లా కోసం రాసే సాఫ్ట్‌వేర్‌కి రెండు కొలతలూ ఎదురుకావచ్చు. సెంట్లలోనూ ఒక ఉచ్చు ఉంది. రెండెకరాల ఐదు సెంట్లని 2.05 అనకుండా 2.5 అని కొడితే లేని నలభై ఐదు సెంట్ల నేల కాగితం మీద పుట్టుకొస్తుంది. ఈ జాగ్రత్తలు చేనుకీ చెరువుకీ వేరువేరుగా మారవు. ఎకరం కొలత ఒకటే, దాన్ని చదివే నియమం ఒకటే, తప్పు దొరికితే రెండుచోట్లా దిద్దాల్సిందే. కాబట్టి విస్తీర్ణాన్ని ఒక చిన్న స్వతంత్ర టైపుగా రాసి, చేనులోనూ చెరువులోనూ దాన్నే ఉంచాలి. ఎకరం 4,840 చదరపు గజాలు, సెంటు 48.4, గుంట 121. లోపల చదరపు గజంలో పదో వంతుల్ని లెక్కపెట్టుకుంటే సెంటు 484, గుంట 1,210 అవుతాయి, భిన్నాల బెడద ఉండదు. ఇలా చిన్న టైపుల్ని భాగాలుగా పెట్టి పెద్ద టైపుని కట్టడాన్ని కంపోజిషన్ అంటారు. ఆడంబరం లేని పద్ధతి ఇది. సంబంధం లేని టైపుల్లో కనిపించే పోలికల్లో సగానికి పైగా ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

కాలేజీలో చెప్పే మొదటి ఉపాయం మాత్రం ఇది కాదు, వారసత్వం. నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ తయారుచేసిన సిములా 67 భాషతో ఈ ఆలోచన ప్రోగ్రామింగ్‌లోకి వచ్చింది. ఉమ్మడి గడులన్నీ ఒక తల్లి టైపులో పెట్టి, పిల్ల టైపులు వాటిని వారసత్వంగా పొందేలా చేయడం దీని పద్ధతి. మన ఉదాహరణలో ‘సాగునేల’ అనే తల్లి, దానికి ‘వరిచేను’, ‘చేపలచెరువు’ అనే పిల్లలు. ఎనిమిది గడులూ తల్లిలోకి పోతాయి, కాపీ కోడ్ మాయమవుతుంది, చూడటానికి అందంగా ఉంటుంది. ఆ అందం ఎంతోకాలం నిలవదు. చెరువుకి ఏరియేటర్ల సంఖ్య కావాలి, చేనుకి నారుమడి తేదీ కావాలి. తల్లి టైపు మీద రాసిన ప్రతి పనీ ఇద్దరికీ చెల్లాలి. బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పి, తర్వాత 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి స్పష్టంగా నిర్వచించిన నియమం ఇదే: తల్లిని ఆశించిన ప్రతిచోటా పిల్లని పెట్టినా ప్రోగ్రాము నడత చెడకూడదు. ‘నాట్లు వేయి’ అనే పని తల్లిలో చేరిన రోజున చెరువు ఆ పరీక్షలో ఓడిపోతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు డెల్టా చరిత్రలో ఉంది. 1980ల నుంచి కొల్లేరు సరస్సు చుట్టుపక్కల వేల ఎకరాల వరిచేలు చేపలచెరువులయ్యాయి. నిరుడు సార్వా వరి పండిన సర్వే నంబరులో ఈ ఏడు శీలావతి, బొచ్చె ఈదుతుంటాయి. మార్పు వెనక్కి కూడా జరిగింది. 1999లో కొల్లేరులో ఐదో కాంటూరు (ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో దాని లోపలి చెరువుల గట్లు తెంచాక చెరువులు మళ్లీ సరస్సు నేలగా మారాయి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక వస్తువు ఏ టైపుతో పుట్టిందో చివరిదాకా ఆ టైపుతోనే ఉంటుంది. వరిచేనుగా పుట్టిన వస్తువుని చెరువుగా మార్చే దారి ఉండదు. పాతదాన్ని చెరిపేసి కొత్తదాన్ని సృష్టించాలి, దానితో పాటు ఆ నేల చరిత్ర కూడా చెరిగిపోతుంది. వారసత్వంతో కట్టిన ప్రోగ్రాము ఇక్కడ తడబడటానికి కారణం కోడ్‌లోని లోపం కాదు, నేల గురించి వేసుకున్న తప్పు అంచనా.

ఈ తడబాటుని కాస్త ఆగి పరిశీలిస్తే అసలు విషయం బయటపడుతుంది. చేనుకీ చెరువుకీ ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఉమ్మడిగా ఎందుకున్నాయి? చేను చెరువుని పోలి ఉండటం వల్ల కాదు. ఆ మూడూ నిజానికి చేనువీ కావు, చెరువువీ కావు. అవి వాటి కింద ఉన్న భూఖండానివి. భూఖండం ఒక వస్తువు, దాని మీద ఏ కాలంలో ఏ సాగు జరిగిందన్నది వేరే వస్తువు. భూఖండం అనే టైపు రాసి, దానికి తేదీలతో కూడిన సాగుల వరుసని జతచేస్తే మూడు గడుల కాపీ తొలగిపోతుంది. చేను చెరువైతే వరుసలో ఒక కొత్త సాగు చేరుతుంది, చరిత్ర చెక్కుచెదరదు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో పాత సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. ఆ మార్పుని కూడా భూఖండం టైపులో ఒక్కచోట చేస్తే సరిపోతుంది. సంబంధం లేదనుకున్న టైపుల్లో కొన్ని గడులు గుంపుగా, ఎప్పుడూ కలిసికట్టుగా కనిపిస్తుంటే, మనం ఇంకా పేరు పెట్టని మూడో వస్తువు ఒకటి అక్కడ దాగి ఉందేమో చూడాలి. కాపీ కోడ్‌ని నేను ఇందుకే పూర్తిగా దుర్గుణంగా చూడను. చాలాసార్లు అది మన అవగాహనలోని ఖాళీని చూపించే గుర్తు.

ఇక కౌలు, విత్తనం, దిగుబడి. ఈ మూడింటి దగ్గరే కలపాలనే ఆశ ఎక్కువగా దారి తప్పిస్తుంది. వరిచేను కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకోవడం డెల్టాలో వాడుక, బస్తా అంటే 75 కిలోలు. చెరువు లీజు ఎకరానికి ఏడాదికి ఇంత సొమ్మని ఉంటుంది. ఒకదానికి ధాన్యం ధర తెలియాలి, రెండోదానికి అక్కర్లేదు. వరి విత్తనం కిలోల్లో లెక్క. దానితో పాటు మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన స్వర్ణ వంటి వంగడం పేరు కావాలి. చేప విత్తనం పిల్లల సంఖ్యలో లెక్క, దానితో పాటు పిల్ల సైజు కావాలి, ఎందుకంటే ఇక్కడి చెరువుల్లో ఏడాది వయసు దాకా పెంచిన పెద్ద పిల్లని వదలడం పరిపాటి. వరి దిగుబడి సార్వాకి (ఖరీఫ్) ఒకటి, దాళ్వాకి (రబీ) ఒకటి. చేప పట్టుబడి కల్చర్ ముగిశాక టన్నుల్లో వస్తుంది. పక్కన వెనామీ చెరువు కూడా ఉంటే బరువొక్కటీ చాలదు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంట్ మీదే ధర నిలుస్తుంది. పేర్లు ఒకటే కాబట్టి వీటిని ఒకే ఫంక్షన్‌లో పెడితే ఏమవుతుంది? ముందుగా ‘చెరువైతే ఇలా’ అని ఒక షరతు చేరుతుంది. తర్వాత ‘రొయ్యల చెరువైతే అలా’, ‘దాళ్వా అయితే ఇంకోలా’ అని మరిన్ని చేరతాయి. కొంతకాలానికి ఆ ఫంక్షన్‌ని ముట్టుకోవడానికి అందరూ జంకుతారు. చేను కోసం చేసిన మార్పు చెరువు లెక్కని చెడగొడుతుంది. అమెరికన్ ప్రోగ్రామర్ శాండీ మెట్జ్ ఈ పరిణామాన్ని వివరించి, తప్పుగా కలిపిన కోడ్ కన్నా కాపీ కోడ్ ఎంతో చౌక అని తీర్పు చెప్పారు. కౌలు విషయంలో ఆ తీర్పుతో నేను ఏకీభవిస్తాను. అక్కడ రెండు లెక్కల్నీ విడివిడిగా రాయడమే సరైన పని.

తర్వాతది నీటి లోతు. ఇది నిజంగా ఆసక్తికరమైన గడి, ఎందుకంటే దీన్ని పూర్తిగా కలపనూ లేము, పూర్తిగా విడదీయనూ లేము. నీరు కనీస మట్టం కన్నా తగ్గితే సాగుదారుకి ఫోన్‌లో హెచ్చరిక పంపే పని చేనుకీ, చెరువుకీ, పంట కాలవకీ ఒకటే. ఆ కోడ్‌ని మూడుసార్లు రాయడం వృథా. పైథాన్ వంటి భాషల్లో దీనికి చుట్టరికం అవసరమే లేదు. ‘నీటి లోతు’ అనే గడి ఉన్న ఏ వస్తువునైనా ఫంక్షన్ తీసుకుంటుంది. 2009లో గూగుల్ విడుదల చేసిన గో భాషలో, 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్‌లో కంపైలర్ ముందుగానే రూపం సరిచూస్తుంది, కానీ చూసేది రూపాన్నే. కావలసిన పేరుతో, కావలసిన రకం అంకె ఇచ్చే గడి (గోలో అయితే మెథడ్) ఉంటే చాలు, టైపు ఏదైనా ఒప్పుకుంటుంది. ఈ సౌకర్యం గొప్పది, అపాయం కూడా అందులోనే ఉంది. వరిచేనులో నీటి లోతు సెంటీమీటర్లలో ఉంటుంది, రెండు నుంచి ఐదు దాకా. చెరువులో అడుగుల్లో చెబుతారు, ఐదో ఆరో. కొల్లేరు దగ్గర ఐదు అంటే లోతే కాదు. ఐదో కాంటూరు సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత. పదో కాంటూరు వరకు నీరు నిండితే సరస్సు 901 చదరపు కిలోమీటర్లకి విస్తరిస్తుంది తప్ప పదడుగుల లోతు రాదు. మూడు చోట్లా ‘5’ అనే అంకె ఉంది, మూడు చోట్లా గడి రూపం ఒకటే, మూడింటి అర్థాలు వేరు. రూపాన్ని మాత్రమే చూసే కంపైలర్ మూడింటినీ సరేనంటుంది. 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గరికి చేరిన నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఇలాంటి పొరపాటు వల్లే నాశనమైంది. నేల మీది ఒక ప్రోగ్రాము పౌండు-సెకన్లలో ఇచ్చిన అంకెని రెండో ప్రోగ్రాము న్యూటన్-సెకన్లుగా చదివింది. రెండిటి మధ్య తేడా దాదాపు నాలుగున్నర రెట్లు.

ఈ ఇబ్బందికి నాకు తెలిసిన ఉత్తమ జవాబు 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ ప్రతిపాదించిన టైప్ క్లాస్. హాస్కెల్ భాషలో అది స్థిరపడింది. 2003లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన నతనాయెల్ షేర్లీ, స్టెఫాన్ డుకాస్ తదితరులు ట్రెయిట్ అనే మరో నిర్మాణాన్ని వివరించారు. 2015లో స్థిరమైన రూపంలో విడుదలైన రస్ట్ భాష ట్రెయిట్ అని పిలిచేది ఎక్కువగా టైప్ క్లాస్ దారినే నడుస్తుంది. పద్ధతి ఇది. ముందు ఒక సామర్థ్యానికి పేరు పెడతాం: ‘నీటి కొరత చెప్పగలది’. ఆ సామర్థ్యం ఉన్న వస్తువు రెండు ప్రశ్నలకి జవాబివ్వాలి: నేల మీద నీరు ఇప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, కనీసం ఎన్ని ఉండాలి? హెచ్చరిక కోడ్ ఈ రెండు జవాబుల మీద ఒక్కసారే రాస్తాం. తర్వాత చేను ఈ సామర్థ్యాన్ని ఎలా తీరుస్తుందో, చెరువు ఎలా తీరుస్తుందో విడివిడిగా ప్రకటిస్తాం. చేను తన సెంటీమీటర్లని పదితో గుణిస్తుంది. కోతకి ముందు చేనులో నీరు తీసేస్తారు కాబట్టి ఆ దశలో కనీస లోతు సున్నా అని చెబుతుంది. చెరువు అడుగుల్ని మిల్లీమీటర్లుగా మారుస్తుంది. ఇందుకోసం చేను, చెరువు టైపుల నిర్వచనాలని తెరవనక్కర్లేదు, వాటికి తల్లిని వెతకనక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ ప్రకటన. అది రాసే మనిషి ఒక్కక్షణం ఆగి, ఈ గడి అర్థం నిజంగా అదేనా అని ఆలోచించి తీరాలి. కొల్లేరు దగ్గర ఆ ఆలోచనే మనల్ని కాపాడుతుంది. సరస్సు అడుగు అన్నిచోట్లా ఒకే ఎత్తులో లేదు, కాబట్టి ‘నీరు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది’ అనే ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. అందుకే కొల్లేరుకి ఆ సామర్థ్యం ప్రకటించకూడదు. ఈ నిర్ణయం పోలికని బట్టి ఎప్పటికీ తేలేది కాదు.

జావా వంటి పాత భాషల్లో పనిచేసేవారికి ఇంటర్‌ఫేస్ ఉంది, కానీ దాన్ని టైపు నిర్వచనంలోనే ప్రకటించాలి. టైపు మనది కాకపోతే, అంటే వేరే సంస్థ ఇచ్చిన లైబ్రరీలో ఉంటే, దాన్ని లోపల పెట్టుకుని మనకి కావలసిన ప్రశ్నలకి జవాబిచ్చే మధ్యవర్తి టైపు రాసుకోవాలి. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ రాసిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం దీన్ని అడాప్టర్ అంది. కాస్త చాకిరీ ఎక్కువ, అయినా గుణం అదే.

ఇంత తతంగం ఎందుకు, నాలుగు పంక్తులు కాపీ చేస్తే మునిగిపోయేదేముంది అని అనుభవజ్ఞులు అడుగుతారు. ఇది తేలిగ్గా తోసేయదగిన ప్రశ్న కాదు. గో భాషలో 2022 మార్చిలో వచ్చిన 1.18 వెర్షన్ దాకా జెనరిక్స్, అంటే ఒకే కోడ్‌ని వేర్వేరు టైపులకి వాడుకునే వీలు, లేవు. ఒకే పనిని వేర్వేరు టైపులకి చేయాలంటే చాలా సందర్భాల్లో కోడ్‌ని కాపీ చేయడమో, ఇంకో ప్రోగ్రాముతో పుట్టించడమో చేసేవారు. అయినా ఆ భాషలో డాకర్, కుబెర్నెటీస్ వంటి భారీ వ్యవస్థలు కట్టారు. ఆ భాష నిర్మాతల్లో ఒకరైన రాబ్ పైక్, కొద్దిగా కాపీ చేసుకోవడం కొద్దిగా పరాధీనం కావడం కన్నా మేలనే అభిప్రాయాన్ని బహిరంగంగానే చెప్పారు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచంలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు పంక్తుల ప్యాకేజీని దాని రచయిత ఉపసంహరించుకుంటే ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం నిలిచిపోయింది. ఆ పదకొండు పంక్తుల్నీ కాపీ చేసుకున్నవారికి ఏమీ కాలేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కోరీ కాప్సర్, మైకేల్ గాడ్‌ఫ్రే అపాచీ వెబ్ సర్వర్‌లోని, న్యూమెరిక్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాములోని కాపీల్ని పరిశీలించారు. వాటిలో 71 శాతం దాకా నిర్వహణకి మేలు చేసేవిగానే భావించవచ్చని వారన్నారు. యూర్గెన్స్ బృందం మాటకీ ఈ మాటకీ పొంతన లేదనిపిస్తుంది గానీ, దగ్గరగా చూస్తే వైరుధ్యం లేదు. మ్యూనిక్ పరిశోధన హాని చూసింది ఒకేలా మారవలసినవి తెలియక వేరుగా మారినచోట. వాటర్లూ పరిశోధకులు మేలు చూసినవాటిలో కావాలని విడివిడిగా ఎదగనిచ్చిన కాపీలు ఉన్నాయి. కౌలు లెక్క అలా ఎదగవలసినదే, విస్తీర్ణం లెక్క అలా ఎదగకూడనిది. నాలుగు పంక్తులా నలభై పంక్తులా అన్నది ఈ తేడాని చెప్పదు.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. ఏవి కలిసి మారతాయో, ఏవి విడిగా మారతాయో మొదటిరోజే ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే మార్టిన్ ఫౌలర్ 1999లో తన ‘రీఫ్యాక్టరింగ్’ పుస్తకంలో డాన్ రాబర్ట్స్ చెప్పిన ఒక వాడుకని నమోదు చేశారు: మొదటిసారి రాయి, రెండోసారి చిరాకుపడుతూనైనా మళ్లీ రాయి, మూడోసారి కలుపు. మూడో ఉదాహరణ వచ్చేదాకా ఉమ్మడి గుణమేదో, కాకతాళీయమేదో తేలదన్నది దీని వెనక ఉన్న తర్కం. చేను, చెరువు మాత్రమే ఉన్నప్పుడు నీటి లోతు ఒకే గడిగా కనిపించింది. కొల్లేరు మూడోదిగా వచ్చాకే అర్థం విడిపోయింది. ఈ వాడుకని నేను ఒక సవరణతో ఒప్పుకుంటాను. లెక్కల నియమాల్నీ, అధికారిక పట్టికల్నీ, కొలతల్నీ రెండోసారి కూడా కాపీ చేయకూడదు. మండలం ఏ జిల్లాదో నిర్ణయించేది ప్రభుత్వ ఉత్తర్వు, అది ఒకటే వాస్తవమని మూడో ఉదాహరణ లేకుండానే తెలుసు. ఆగి చూడవలసింది వ్యాపార నియమాల దగ్గర, మనుషుల అలవాట్ల దగ్గర.

కృత్రిమ మేధ సాధనాలు క్షణంలో కోడ్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో కాపీ గురించి బెంగ ఎందుకన్న మాట కూడా వినిపిస్తోంది. రాయడానికి పట్టే శ్రమ దాదాపు లేకుండా పోయిన మాట నిజం. కానీ కాపీ వల్ల నష్టం ఎప్పుడూ రాసేచోట లేదు. జిల్లాలు మళ్లీ మారిన రోజున, ఇరవైచోట్ల ఉన్న కోడ్‌లో ఏది ఎందుకు అలా ఉందో తెలుసుకునే పని అప్పటిలాగే మనిషి మీద పడుతుంది. ఆ సాధనం ఇరవైచోట్లా దిద్దగలిగినా, కైకలూరు చెరువు లెక్క మారాలా వద్దా అన్నది ఎవరో ఒకరు దానికి చెప్పాలి.

తాడేపల్లిగూడెంలోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోనూ, భీమవరం, ఏలూరు ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ప్రోగ్రామింగ్ చెప్పే అధ్యాపకులకి ఒక విన్నపం. వారసత్వం పాఠాన్ని జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణతో ముగించకండి. కుక్క ఎప్పటికీ పిల్లి కాదు కాబట్టి ఆ ఉదాహరణలో వారసత్వం ఎప్పుడూ నెగ్గుతుంది, విద్యార్థి దాన్నే నమ్ముకుని ఉద్యోగంలోకి వెళతాడు. దాని బదులు వరిచేను, చేపలచెరువు, కొల్లేరు ఇచ్చి టైపులు రాయమనండి. రాశాక, ఆ చేనుని చెరువుగా మార్చమనండి. ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి. ఏ గడి ఎప్పుడు ఎందుకు మారుతుందో అక్కడివాళ్లని అడిగి తెలుసుకుని రమ్మని విద్యార్థుల్ని పంపండి, కోడ్ కలపడం ఆ తర్వాత మొదలుపెట్టమనండి.